ఏడు నిమిషాలు ఆలస్యంగా గెలిచిన పందెం

ఆ సైకిల్ నా కోసం కొన్నది కాదు. మా ఆయన పొట్ట కోసం కొన్నది.

రాజాం మెయిన్ రోడ్డులో మాకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్టు ముక్కలు, లంగాలు, ఫాల్సు, లైనింగు గుడ్డ అమ్ముతాం. మా మావగారి రోజుల నుంచీ ఆ షాపులో కూర్చున్న మగవాళ్లందరికీ నలభై దాటగానే పొట్ట ముందుకొచ్చేది. దాన్నెవరూ జబ్బనుకోలేదు, వ్యాపారం బాగుందనుకునేవారు. ఫోన్లలోకి వాట్సాప్ కొత్తగా వచ్చిన రోజుల్లో మాత్రం ఒక డాక్టరు మా ఆయన రక్తం రిపోర్టు చూసి, "అన్నం తగ్గించండి, లేదా ఒళ్లు కదపండి" అన్నాడు. అన్నం తగ్గించడం కన్నా సైకిల్ కొనడం తేలిక. విశాఖపట్నం వెళ్లి లావు టైర్లూ, ముందు స్ప్రింగులూ, ఇరవయ్యొక్క గేర్లూ ఉన్న కొండ సైకిల్ ఒకటి కారు నెత్తిన కట్టించుకుని తెచ్చారు. నాలుగు రోజులు తొక్కారు. ఐదో రోజు నడుం పట్టేసింది. ఆరో రోజు నుంచి దాని హ్యాండిల్ మీద మా అత్తయ్య తడి చీరలు ఆరేయడం మొదలుపెట్టారు.

కొన్న వస్తువు వాడకుండా పడుంటే నాకు ఒళ్లు మండుతుంది. అది మా ఇళ్లలో పుట్టిన ఆడపిల్లలకి పాలతో పాటు వచ్చే రోగం. ఓ రోజు తెల్లవారగట్ల చీరలు పక్కకి తోసి, చుడీదారు చున్నీ నడుముకి బిగించి, చీపురుపల్లి రోడ్డెక్కాను. అప్పటికి నా వయసు ముప్పై ఎనిమిది, బరువు డెబ్బై ఎనిమిది. రెండూ పెరుగుతూనే ఉన్నాయిగానీ బరువుకి కొంచెం తొందరెక్కువ. మొదటి రోజు రెండు కిలోమీటర్లు వెళ్లి, ఓ కల్వర్టు మీద కూర్చుని ఆయాసపడి, వెనక్కి నడిపించుకుంటూ వచ్చాను. నెల తిరిగేసరికి పదిహేను కిలోమీటర్లు వెళ్లొస్తున్నాను. బరువు మాత్రం ఒక్క కేజీ తగ్గలేదు, ఎందుకంటే తిరిగొచ్చాక ఆకలి వేసేది.

అలా ఏడెనిమిది నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం షాపులోకి ట్రాక్ ప్యాంటు వేసుకున్న ఒకమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. మెడలో మంగళసూత్రం లేదు, ఈల ఉంది. ఊరి చివర ప్రభుత్వ హైస్కూల్లో డ్రిల్లు టీచరని చూడగానే తెలుస్తోంది. మెరూన్ రంగు జాకెట్టు ముక్క అడిగింది. నేను నాలుగు రకాల మెరూన్లు తీసి పరిచాను. వాటి వంక చూడకుండా నా వంక చూసింది.

"సీపురుపల్లి రోడ్డు మీద పొద్దున్నే సైకిల్ తొక్కేది మీరేనా?"

ఎవరైనా ఫిర్యాదు చేశారేమో అనుకుని, "ఎందుకమ్మా?" అన్నాను.

"సీతంపేట కొండల్లో సైకిల్ రేసు పెడతన్నారు వదినా. డెబ్బై కిలోమీటర్లు. మగోళ్లు ఒంటిగా తొక్కొచ్చు, ఆడోళ్లకి మాత్రం జంటగానే ఉన్నాది. నాకు జంట నేరు."

మొదటి పరిచయంలోనే వదిననైపోయాను. "నాకు ఫ్లాట్ రోడ్డు మీదే ఊపిరాడదు, కొండలెక్కడ తొక్కుతానమ్మా" అన్నాను.

ఆవిడ కౌంటరు మీదకి వంగి గొంతు తగ్గించింది. "ఇప్పటికి ఆడోళ్ల జంటల్లో ఒక్క పేరూ రానేదు. మనం పేరిస్తే మనవొక్కళ్లవే. తొమ్మిది గంటల్లోగా ఇద్దరం కలిసి గీత దాటితే సాలు, మనదే ఫస్టు."

పోటీ లేని వ్యాపారం. మా వంశంలో మూడు తరాల్లో ఎవరికీ దొరకని అవకాశం. మెరూన్ ముక్క చుట్టి ఇస్తూ సరేనన్నాను.

ఇంట్లో చెబితే అత్తయ్య గుండె మీద చెయ్యేసుకున్నారు. "ఓలమ్మో, ఆ కొండల్లో ఏనుగులు తిరుగుతున్నాయట కదే!"

"ఏనుగులు కూడా సైకిల్ పందేనికి రావు కదా అత్తయ్యా."

మా ఆయన మాత్రం కాసేపు ఆలోచించి, "సైకిల్ నాదే కదా" అన్నారు. ఆ క్షణం నుంచి ఆయన నాకు కోచ్ అయిపోయారు. జీవితంలో నాలుగంటే నాలుగు రోజులు గేరు సైకిల్ తొక్కిన మనిషి రోజూ ఫోన్లో వీడియోలు చూసి, "ఎక్కుడులో ముందు పళ్లచక్రం చిన్నది వేసుకోవాలి, తెలిసిందా" అని పళ్లు తోముకుంటూ పాఠం చెప్పేవారు. విశాఖపట్నం నుంచి మెత్త కుట్టిన సైకిల్ నిక్కర్లు రెండు తెప్పించారు. అవి నాకు నిజంగా ప్రాణం పోశాయి. మొదటిసారి ఉతికి దండెం మీద వేసిన రోజు అత్తయ్య ఆ నిక్కరు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదేటే? వెనకాల దిండు కుట్టించావు?"

"ఆ సీటు మీద గంటల కొద్దీ కూర్చోవాలి అత్తయ్యా."

"మరి వంటింట్లో పీట మీద కూర్చున్నప్పుడు ఇలాంటివి తెచ్చివ్వలేదేం మాకు, ఆ రోజుల్లో?" అని ఆవిడ దాన్ని మళ్లీ దండెం మీద వేశారు, ఈసారి వీధిలోకి కనపడకుండా లోపలి దండెం మీద.

టీచరుది భావనపాడు. వాళ్ల నాన్న సముద్రం మీదకి వెళ్తాడు, వాళ్లమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. సెలవుల్లో ఓసారి నన్నూ రెండు సైకిళ్లనీ వ్యానులో వేసుకుని అక్కడికి తీసుకెళ్లింది. ఒడ్డున ఇసుకలో తొక్కితే కాళ్లకి బలం వస్తుందట. ఆవిడ సైకిల్ నేర్చుకున్నదే ఆ ఇసుకలో. నేను ఆ ఇసుకలో పది గజాలు వెళ్లి పడ్డాను. లేచి ఎనిమిది గజాలు వెళ్లి పడ్డాను. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లు మర్యాదకి తలలు తిప్పుకున్నారు. వాళ్లమ్మకి ఆ మర్యాద లేదు. చేపలు ఆరేసిన పరదా పక్కన చతికిలబడి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

"ఏటి కూతురా, ఈవిడ్ని తెచ్చినావు? ఈ అమ్మని సూత్తే పడవ దించినట్టున్నాది."

"నవ్వకే అమ్మా, ఈవిడ లేకపోతే నన్ను రేసులోకి రానివ్వరు."

"మరి పడతానే ఉన్నాది కదా!"

"పడతాది, లేస్తాది. అదే కావాల."

మధ్యాహ్నం నాకోసం వేరే పొయ్యి మీద, వేరే గిన్నెలో బంగాళాదుంపలు వేపింది వాళ్లమ్మ. మా ఇళ్లలో చేపలు తినరని కూతురు ముందే చెప్పిందట. చుట్టూ ఎండుచేపల వాసన. నేను ముక్కు మూసుకోలేదు, వాళ్లు నేను తినకపోవడం గురించి మాట్లాడలేదు. నాలుగో ముద్ద నుంచి నాకు వాసన తెలియడం మానేసింది. ఆకలి అంతుంది మరి.

సాధనలో నేను ఒక విషయం గమనించాను కానీ పట్టించుకోలేదు. ఎక్కుడు ఉన్నచోట టీచరు నన్ను వదిలేసి రివ్వున పోయేది. దిగుడు వచ్చిందంటే మాత్రం సైకిల్ దిగి, "బ్రేకు సూసుకుంటన్నాను, నువ్వు ఎల్లు వదినా" అనేది. నన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక కావాలనే ముందుకి పోనిస్తోందని నేను పొంగిపోయాను. ఎంత సంస్కారం ఉన్న పిల్లో అని మా ఆయనతో కూడా అన్నాను.

పందెం రోజు తెల్లవారేసరికి సీతంపేట చేరాం. డిసెంబరు చలి, మంచు దట్టంగా ఉంది. వందమంది పైగా మగవాళ్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు, రంగురంగుల బిగుతు బట్టల్లో. మంచులో ఏమీ కనపడకపోయినా అందరూ నల్లకళ్లద్దాలు పెట్టుకున్నారు. నేను మెత్త నిక్కరు మీద మోకాళ్ల దాకా వదులు కుర్తా వేసుకుని నిలబడ్డాను. ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చి చాలా వినయంగా, "ఆంటీ, టిఫిన్ ఎక్కడ పెడుతున్నారు?" అని అడిగాడు.

"ఆ వెనకాల" అని చెయ్యి చూపించాను. వాడి వెంట ఇంకో పదిమంది వెళ్లారు. వెనకాల ఏముందో నాకు తెలియదు. కాసేపటికి అందరూ ముళ్లకంపలు దులుపుకుంటూ తిరిగొచ్చారు. అప్పటికి నేను హెల్మెట్ పెట్టుకుని, సైకిల్ మీద నంబరు కట్టుకుని, గీత మీద నిలబడి ఉన్నాను. ఆ కుర్రాడి ముఖం చూడాల్సింది.

ఒక విలేకరి వచ్చి మా ఇద్దరినీ ఫొటో తీసి, మీ విభాగంలో ఎంతమంది అని అడిగాడు. "మేమే" అంది టీచరు. రాసుకుని వెళ్లిపోయాడు.

మొదటి పదకొండు కిలోమీటర్లూ ఎక్కుడే. మొదటి కిలోమీటరులోనే ఇద్దరు ముగ్గురు తప్ప మగవాళ్లందరూ మలుపు తిరిగి మాయమైపోయారు. రెండో కిలోమీటరులో నాకు ఊపిరి అందలేదు. మూడో దాంట్లో ఈ ఊహ ఎవరిదో గుర్తుచేసుకుని తిట్టుకున్నాను. టీచరు ప్రతి మలుపు దగ్గరా ఆగి ఈల ఊదేది. బడి పిల్లలకి ఊదినట్టు రెండు పొట్టి, ఒక పొడుగు. తోటల్లో జీడిచెట్ల కింద పనిచేసుకుంటున్న సవర గిరిజన ఆడవాళ్లు ఆ ఈలకి రోడ్డు మీదకొచ్చి మమ్మల్ని చూసేవారు. వాళ్లలో ఒకామె నా పక్కన కట్టెలమోపుతో నడుస్తూ కాసేపు వచ్చింది. నేను తొక్కుతున్నాను, ఆమె నడుస్తోంది, ఇద్దరం ఒకే వేగం. తర్వాత ఆమెకి తొందర పనేదో గుర్తొచ్చినట్టుంది, నన్ను దాటి వెళ్లిపోయింది.

మగవాళ్లకి ఉన్న సౌకర్యం ఆడవాళ్లకి లేనిది ఒకటుంది. మధ్యలో చెట్టు చాటుకి వెళ్లాల్సొచ్చింది. టీచరు రోడ్డు మీద కాపలా నిలబడింది. సరిగ్గా అప్పుడే వెనకబడ్డ ఇద్దరు మగ రేసర్లు వచ్చారు. ఆవిడ ఈల ఊది, ట్రాఫిక్ పోలీసులా చెయ్యి అడ్డం పెట్టి, "ఆగండి! ముందు రోడ్డు పని జరగతన్నాది!" అంది. ఆ అమాయకులు రెండు నిమిషాలు బుద్ధిగా ఆగారు. నేను నిక్కరు సర్దుకుని బయటికి రాగానే వాళ్లకి ఏం పని జరిగిందో అర్థమైంది.

మొదటి చెక్‌పోస్టు దగ్గర ఉడకబెట్టిన దుంపలు, ఉప్పు, అరటిపళ్లు పెట్టారు. మా ఆయన కారు వేసుకుని అక్కడిదాకా వచ్చారు. ఆ తర్వాత కార్లు వెళ్లే దారి లేదు. నా కాళ్లకి నొప్పుల మందు రాస్తూ, "గేర్లు సరిగ్గా వేస్తున్నావా?" అన్నారు. ఆ సమయంలో ఆయన బతికి ఉండటానికి కారణం నేను లేవలేకపోవడమే.

అక్కడి నుంచి అడవిలో రాళ్లబాట. రెండు కిలోమీటర్లు పోయామో లేదో, ఓ వాడి రాయి తగిలి నా వెనక టైరు పక్కన చీలిపోయింది. ట్యూబుకి ప్యాచ్ వెయ్యడం టీచరుకి వచ్చు, వేసింది. కానీ గాలి కొడితే చీలిన చోట ట్యూబు నిమ్మకాయంత బయటికి ఉబ్బుతోంది. టైరు చీలితే ఏం చెయ్యాలో ఆవిడకి తెలియదు. చేతులెత్తేసి రాయి మీద కూర్చుంది.

"అయిపోనాది వదినా. ఎనక్కి నడవాల."

నేను ఆ చీలికని చూశాను. చంకలో కుట్టు తెగిన జాకెట్టు అచ్చం ఇలాగే నోరు తెరుస్తుంది. దాన్ని పైనుంచి కుడితే నిలవదు, లోపల గట్టి గుడ్డ వేసి పట్టాలి. ఆ మాత్రం పదిహేనేళ్లుగా కౌంటరు వెనక నిలబడి చెబుతున్నాను కదా ఊరందరికీ. గట్టిది ఏముంది మా దగ్గర? హ్యాండిల్‌కి కట్టిన ఫ్లెక్సీ నంబరు ఉంది. దాన్ని విప్పి, టీచరు కత్తితో కోసి, నాలుగు మడతలు పెట్టి, చీలిక వెనక టైరుకీ ట్యూబుకీ మధ్యన కూర్చోబెట్టాం. గాలి కొట్టాం. నిలబడింది. టీచరు నన్ను అప్పటిదాకా చూడనట్టు చూసింది.

"ఇది నీకెవులు సెప్పినారు?"

"మా షాపుకొచ్చే లావుపాటి వాళ్లందరూ" అన్నాను.

రెండో చెక్‌పోస్టుని దాని గడువుకి నాలుగు నిమిషాలు మిగిలుండగా దాటాం. అక్కడి నుంచి పెద్ద దిగుడు. ఏడు కిలోమీటర్లు, మలుపుల మీద మలుపులు. పొద్దుటి నుంచీ నేను ఎదురుచూస్తున్నది దాని కోసమే. నా బరువు నాకు సాయం చేసే చోటు ప్రపంచంలో అదొక్కటే. సీటు మీదనుంచి లేచి, బ్రేకు మీద రెండు వేళ్లుంచి వదిలాను. చెవుల్లో గాలి హోరు తప్ప ఇంకేం లేదు. మూడు మలుపులు పోయాక వెనక్కి చూస్తే టీచరు లేదు. ఆగాను. రాలేదు. సైకిల్ నడిపించుకుంటూ మళ్లీ పైకెక్కాను.

ఆవిడ రోడ్డు పక్కన సైకిల్ పట్టుకుని నిలబడి ఉంది. పడలేదు, దెబ్బ తగల్లేదు. రెండు బ్రేకులూ పిడికిళ్లతో నొక్కిపెట్టి ఉంది.

"ఏమైంది? బ్రేకా?"

"బ్రేకు బాగానే ఉన్నాది. నాకు దిగుడంటే భయం వదినా. మా ఊల్లో దిగుడెక్కడున్నాది? సముద్రం, ఇసక. కిందకి జారతంటే కళ్లు తిరిగిపోతాయి. సెబితే నువ్వు రావని సెప్పనేదు."

మొదట నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ నన్ను గౌరవిస్తోందని పొంగిపోయిన ముఖం నాది. తర్వాత కోపం వచ్చింది. "కొండల్లో రేసంటే ఎక్కి ఊరుకుంటారనుకున్నావా? దిగరా?"

"నడిసి దిగుదారనుకున్నాను."

"ఏడు కిలోమీటర్లా!"

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. పొద్దుటి నుంచీ నన్ను బడిపిల్లలా ఈలేసి పిలిచిన మనిషి. నేనింక తిట్టలేకపోయాను. నీ చక్రం ముందు నా చక్రం ఉంటుంది, రోడ్డు వైపు చూడకు, లోయ వైపు చూడకు, నా టైరు ఒక్కటే చూడు అన్నాను. అలా మెల్లగా దిగాం. నేను ప్రతి పది సెకన్లకీ వెనక్కి తిరిగి, "వస్తున్నావా?" అని అడుగుతున్నాను. "వస్తన్నాను, నువ్వు ముందుకి సూడు!" అని ఆవిడ అరుస్తోంది.

ఆవిడ మాట వినుంటే బాగుండేది. ఒక మలుపు దగ్గర నేను వెనక్కి చూసి తల తిప్పేసరికి రోడ్డు నిండా కొండచీపుర్లు ఆరబెట్టి ఉన్నాయి. పక్కన కట్టలు కట్టి పేర్చిన గుట్ట. బ్రేకు వేశాను. సైకిల్ ఆగింది, నేను ఆగలేదు. హ్యాండిల్ మీదుగా వెళ్లి ఆ గుట్టలో తలతో సహా దిగబడ్డాను. కళ్లు తెరిస్తే అంతా పచ్చగా, దుమ్ముగా, మెత్తగా ఉంది. ఒంటి మీద గీతలు తప్ప ఏమీ కాలేదు. అక్కడ ఆ గుట్ట లేకపోతే రాళ్లున్నాయి, ఆ తర్వాత లోయ ఉంది.

గుట్ట అవతల నుంచి ఒక సవర అవ్వ వచ్చింది. నేను బతికానో లేదో చూసింది. బతికానని తేలగానే తిట్లు అందుకుంది. సగం వాళ్ల భాషలో, సగం తెలుగులో. "రెండు దినాల పని! రెండు దినాల పని పాడుసేసినావు!"

"తప్పయిపోయింది అవ్వా, మాది పందెం, తొందరగా వెళ్లాలి..."

"ఎల్లు. కట్టేసి ఎల్లు."

టీచరు సైకిల్ పక్కన పడేసి వచ్చింది. ఇద్దరం వంగి, విడిపోయిన చీపుర్లన్నీ ఏరి, అవ్వ చూపించినట్టు కుదుళ్లన్నీ ఒకవైపు పెట్టి, నార బిగించి కట్టలు కట్టాం. నేను కట్టినవి రెండు విప్పి మళ్లీ కట్టించింది. అంతా సర్దాక అవ్వ ముఖం మారింది. గుడిసెలోకి వెళ్లి రెండు సొరకాయ బుర్రలతో చోడి అంబలి, అంటే రాగి జావ, తెచ్చి ఇచ్చింది. పుల్లగా, చల్లగా ఉంది. పొద్దుటి నుంచీ బలానికని రేసువాళ్లు ఇస్తే తిన్న జిగురు తీపి ప్యాకెట్లన్నీ దాని ముందు దండగ. గడగడా తాగాం. "ఇంకా కావాలా?" అంది. పందెం సంగతి మర్చిపోయి నేను బుర్ర ముందుకి చాపాను. ఆ రెండో బుర్ర గురించి టీచరు ఇప్పటికీ నన్ను ఎత్తిపొడుస్తుంది.

చివరి ఎక్కుడు ఆరు కిలోమీటర్లు. మధ్యాహ్నపు ఎండ నెత్తి మాడుస్తోంది. అత్తయ్య నా కోసం అరసవల్లి సూర్యనారాయణ స్వామికి మొక్కుకున్నారని తెలుసు. ఆ స్వామి ఆ పూట మరీ దగ్గరగా వచ్చి చూసుకుంటున్నాడు. నా తొడలు రెండూ పట్టేశాయి. టీచరు పక్కకి వచ్చి, ఒక చేత్తో తన సైకిల్ పట్టుకుని, రెండో చెయ్యి నా నడుం మీద పెట్టి తోసింది. డెబ్బై ఎనిమిది కేజీలు, ఎక్కుడులో. ఆవిడ పళ్లు కొరుకుతున్న చప్పుడు నాకు వినపడుతోంది. శిఖరం మీదకి వచ్చేసరికి ఇరవై నిమిషాలు మిగిలాయి. కింద నాలుగు కిలోమీటర్లు, అంతా దిగుడు. నేనొక్కదాన్నయితే పది నిమిషాల పని.

"నువ్వు ఎల్లిపో వదినా. నీ పేరైనా ఉంటాది."

"ఇద్దరం కలిసి దాటకపోతే లెక్కలోకి రాదని చెప్పింది నువ్వే కదా. నా టైరు చూడు."

దిగాం. ఎంత మెల్లగా దిగామంటే, ఓ చోట మేకలమంద మమ్మల్ని దాటింది. నాలోపల ఒకతి కేకలు పెడుతోంది, వదిలెయ్యి, బ్రేకు వదిలెయ్యి అని. అబద్ధం ఎందుకు, వెనక్కి తిరిగి టీచరుని రెండు తిట్టాను కూడా. ఆవిడ వినలేదు. పెదవులు కదులుతున్నాయి, నా టైరు మీద నుంచి కళ్లు తియ్యలేదు.

గీత దగ్గరికి వచ్చేసరికి గాలి నింపిన పెద్ద కమాను సగం దిగిపోయి, తాగినవాడిలా పక్కకి ఒరిగి ఉంది. ఇద్దరు పరిగెత్తుకొచ్చి దాన్ని చేతులతో ఎత్తి పట్టుకుంటే కిందనుంచి దూరాం. అట్ట పట్టుకున్న ఒకాయన గడియారం చూసి, "సారీ మేడం, తొమ్మిది గంటల ఏడు నిమిషాలు" అన్నాడు. తర్వాత నా సైకిల్ చూసి, "మీ నంబరేదీ?" అన్నాడు.

"టైరులో ఉంది" అన్నాను.

మా ఆయన ఏడు నిమిషాలకి ఏం ప్రాణం పోతుందని కాసేపు వాదించారు. టీచరు, నేను అడుగున మిగిలిన పులిహోర ప్లేట్లలో పెట్టుకుని నేల మీద కూలబడ్డాం. తిరుగు దారంతా కారులో ఆ ఏడు నిమిషాలు ఎవరి తప్పన్నదే గొడవ. చీపుర్లు, చెట్టు చాటు, రెండో బుర్ర అంబలి అని ఆవిడ. దిగుళ్లు అని నేను. పాలకొండ వచ్చేసరికి ఆవిడ నోరు తెరుచుకుని నిద్రపోయింది, మెడలో ఈల ఊపిరికి కుయ్యి కుయ్యిమంటోంది.

కథ అక్కడితో అయిపోవాలి. కానీ మర్నాడు పొద్దున్న పేపరు జిల్లా పేజీలో మా ఫొటో వచ్చింది. "కొండల్లో మెరిసిన రాజాం మహిళలు. జంటల విభాగంలో ప్రథమ స్థానం." ఆ విలేకరికి మధ్యాహ్నం ఇంకెక్కడో మీటింగు ఉందట. పోటీ లేనిచోట ఓడిపోవడం ఎలా కుదురుతుందనుకుని పన్నెండింటికే వార్త పంపేశాడు. మా చేతనైనది ఆయనకి తెలియదు పాపం.

షాపు నిండా జనం. కొనేవాళ్లు తక్కువ, చూసేవాళ్లు ఎక్కువ. కౌంటరు దగ్గర కుర్చీ వేయించుకుని అత్తయ్యే అందరికీ కథ చెబుతున్నారు. ఆవిడ చెప్పే కథలో ఏనుగులు కూడా ఉన్నాయి.

"అత్తయ్యా, మేం గెలవలేదు" అన్నాను లోపలికి పిలిచి. "ఆలస్యంగా వచ్చాం. మీరు అరసవల్లి మొక్కు తీర్చక్కర్లేదు."

"నువ్వు గెలవాలని ఎవరు మొక్కుకున్నారే? కాళ్లూ చేతులూ ఊడకుండా రావాలని మొక్కుకున్నాను. వచ్చావు కదా" అన్నారావిడ, మళ్లీ కుర్చీలోకి వెళుతూ.

ఆ ఆదివారం కల్యాణమండపంలో వర్తకులందరూ కలిసి సన్మానం పెట్టారు. వద్దని చెప్పినా వినలేదు. శాలువాలు, దండలు, మా ఎత్తున ఫ్లెక్సీ. నాకు మైకు ఇచ్చారు. "మేం గెలవలేదండీ. ఏడు నిమిషాలు ఆలస్యమైంది. పేపర్లో తప్పు పడింది" అన్నాను.

అధ్యక్షుడు నా చేతిలోంచి మైకు లాక్కుని, "చూశారా, ఇదీ వినయమంటే!" అన్నాడు. చప్పట్లు మోగాయి. నేను మళ్లీ మైకు అందుకుని మళ్లీ చెప్పాను. ఈసారి ఇంకా గట్టిగా చప్పట్లు. టీచరు కుర్చీలో పొట్ట పట్టుకుని నవ్వుతోంది. చివరికి లేచి, ఈల నోట్లో పెట్టుకుని హాలు అదిరేలా ఊదింది. అందరూ నోళ్లు మూశారు.

"ఓడిపోనాం! ఏడు నిమిషాలు! ఇనబడతందా? నాకు దిగుడంటే భయం, ఈవిడకి ఎక్కుడంటే ఆయాసం. అందుకే ఓడిపోనాం!"

అధ్యక్షుడు శాలువాల వంక చూశాడు, వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నట్టు. వెనక వరుసలోంచి, మా దగ్గర ప్రతి నెలా జాకెట్టు ముక్కలు కొనే ఒక పెద్దావిడ అంది: "ఓడిపోతే ఏటయ్యిందమ్మా? ఎలాగెల్లారో అది సెప్పండి."

అప్పుడు చెప్పాం. మెత్త నిక్కరు నుంచి సొరకాయ బుర్ర దాకా, ఒకరి మాట ఒకరం లాక్కుంటూ, ముప్పావుగంట. మగవాళ్లు కొందరు భోజనాలకి లేచి వెళ్లారు. ఆడవాళ్లు ఒక్కరూ కదల్లేదు. తర్వాతి వారం చీపురుపల్లి రోడ్డు మీద మాతో పాటు ఇద్దరు కొత్తగా తొక్కారు. ఒకామె బ్యాంకులో పని, ఇంకొకామె పాలకేంద్రం నడుపుతుంది.

మరుసటి ఏడు ఆడవాళ్ల జంటలు మూడయ్యాయి. మేం మూడో స్థానంలో వచ్చాం, అంటే చిట్టచివర, కానీ గడువుకి పదహారు నిమిషాల ముందే. ఆ ఏడాది పొడవునా టీచరుకి నేను దిగుళ్లు నేర్పాను. భయం పోలేదు. భయంతోనే దిగడం మాత్రం వచ్చింది. చివరి నాలుగు కిలోమీటర్లూ నన్ను దాటి ముందుకి పోయి, మొదటి మలుపు నుంచి ఆఖరి మలుపు దాకా ఒక్క గుక్కలో కెవ్వుమని అరుస్తూనే దిగింది. ఆ అరుపుకి కొండ కింద ఊళ్లో కుక్కలన్నీ మొరిగాయి, ఏం ప్రమాదం జరిగిందోనని జనం ఇళ్లలోంచి రోడ్డు మీదకి పరిగెత్తుకొచ్చారు. వాళ్ల మధ్యనుంచి, నన్ను తన వెనక చక్రానికి అంటించుకుని, అరవడం ఆపకుండానే, ఆవిడ గీత దాటేసింది.